స్మ్రేకా వాగు మగచేపలు

పదకొండో ఆడచేప కడుపు నొక్కుతున్నాడు ఆల్బిన్. డిసెంబరు నీళ్లకి వేళ్లు కమిలిపోయాయి. నారింజరంగు గుడ్లు పొడి గిన్నెలోకి జారాయి. చేపని నీళ్లలో వదిలి, పక్క తొట్టిలోంచి పెద్ద మగచేపని రెండు చేతులా ఎత్తాడు. మూరన్నర పొడవు, ఒళ్లంతా చలువరాతి గీతలు. దాని వీర్యం గుడ్ల మీద పిండి, బాతు ఈకతో కలిపి, నీళ్లు పోశాడు. సోచా నది ఒడ్డున ఈ ట్రౌట్ చేపల కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లుగా అతని పని ఇదే. రేపట్నుంచి పెన్షను.

పెద్ద చేపంటే అతనికి మహా ముచ్చట. బలిసి మెరిసే మగచేపల్నే ఏరి పిల్లలు తీయించాడు. చిన్నదో, వెన్ను వంకరదో కనిపిస్తే నెత్తిన ఒక్కటి కొట్టి పిల్లికి వేసేవాడు. అతని చెయ్యి మంచిదని అందరూ మెచ్చుకున్నారు.

మొన్న వేసవిలో పుండ్ల జబ్బు వచ్చింది. పెద్ద చేపల్లో నూటికి పది కూడా మిగల్లేదు. అవే నీళ్లు పారే మూల తొట్టిలో, జానెడు పొడవున్న ఐదు మగచేపలకి మాత్రం ఏమీ కాలేదు. కొండచరియ విరిగి స్మ్రేకా వాగు పూడిపోయినప్పుడు ఆల్బిన్ బకెట్టులో మోసుకొచ్చినవి అవి. ఆ వాగు సంతతిలో మిగిలినవి అవే.

యూనివర్సిటీ అమ్మాయి త్యాషా రెక్కల ముక్కలు కత్తిరించుకుపోయి పరీక్ష చేసింది. “రోగాన్ని గుర్తుపట్టే జన్యువులు మీ పెద్ద చేపలన్నిటికీ ఒకే రకమండీ. ఒకదాన్ని చంపిన జబ్బు అన్నిటినీ చంపుతుంది. ఈ బక్కవాటిలో ఇంకెక్కడా లేని రకాలున్నాయి,” అంది. తన చేతులతో తనే ఇంత చేశానని తెలిసి ఆల్బిన్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

మేనేజరు దామ్యన్ తలుపులోంచి తొంగిచూశాడు. “మూల తొట్టి ఇంకా ఖాళీ చెయ్యలేదా? సోమవారం కొత్త పెద్ద చేపలొస్తున్నాయి.”

“వీటి వీర్యం వాడదాం దామ్యన్. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

“వియన్నా నుంచి గాలం వేయడానికొచ్చేవాళ్లు మొసలంత చేప పడాలంటారు. మీరేమో నెత్తళ్లు పెంచుతానంటారు!”

“జబ్బొస్తే నీ మొసలే ముందు పోతుంది. చూశావుగా.”

“మందేస్తాంలెండి. ఆఖరి రోజు కూడా పోట్లాటేనా? వాటి పని కానిచ్చేసి రండి, మూడింటికి కేకు కోస్తాం.”

ఆల్బిన్ త్యాషాకి ఫోన్ చేశాడు. “మా ప్రాజెక్టు అయిపోయిందండీ. ఒక లెటర్ పెట్టండి, మార్చిలో కమిటీ కూర్చుంటుంది,” అంది.

“మార్చిదాకా చేపలుండవమ్మా!”

ఫోన్ పెట్టేసి తొట్టి గోడని పిడికిలితో గుద్దాడు. చెయ్యే నొప్పెట్టింది. ఇంటికి తీసుకుపోదామంటే అతనుండేది మూడో అంతస్తు, పారే చన్నీళ్లు లేకపోతే అవి గంట బతకవు. నదిలో వదిలితే పెద్ద చేపలు మింగేస్తాయి.

పన్నెండో ఆడచేప గుడ్లని ఐదు గిన్నెల్లోకి పంచాడు. ఐదు మగచేపల్నీ ఒక్కొక్కటిగా పట్టి, గిన్నెకొకటి చొప్పున పిండాడు. రెండేసి చుక్కలే వచ్చాయి. ఓపిగ్గా కలిపి నీళ్లు పోశాడు. ఆ తర్వాత ఐదింటినీ నెత్తిన ఒక్కొక్క దెబ్బ కొట్టి బకెట్టులో వేశాడు. చెయ్యి తప్పలేదు, అలవాటైన పనే. కళ్లే మసకబారాయి.

దామ్యన్ మళ్లీ వచ్చాడు. ఖాళీ తొట్టి చూసి తృప్తిగా తలూపాడు. “ఒక చేపకి ఇన్ని గిన్నెలేంటి? చోటెక్కడుందండీ?” అంటూ ఐదింటినీ ఒకే పళ్లెంలోకి ఒంపేశాడు.

ఆల్బిన్‌కి నవ్వొచ్చినంత పనైంది. గుడ్డులోకి చేరిన తండ్రిని ఎవరు ఎలా ఒంపినా బయటికి తీయలేరు.

“ఇవెవరివి?”

“నీ పెద్దోడివే. ఇంకెవరివి?”

దామ్యన్ భుజం తట్టి వెళ్లాడు. చీటీ మీద నిజం రాస్తే రేపే పారబోస్తాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క తప్పు నంబరు కూడా వేయని ఆల్బిన్, పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. రాశాడు. కేకు ముక్క తిన్నాడు, బూట్లు విప్పాడు, నాలుగింటి బస్సెక్కి వెళ్లిపోయాడు.

గుడ్లగదిలో ఆఖరి పళ్లెం అంచుకి తడిసిన చీటీ వేలాడుతోంది. తల్లి పన్నెండు, తండ్రి పక్క తొట్టి పెద్ద మగచేప అని ఆల్బిన్ గుండ్రటి రాత.