నుదుటి జిడ్డు

పాత ఎక్స్‌రే ఫిల్ము మీద వేసిన మూడో చుక్క కూడా నల్లపూతను కరిగించలేదు. పురుగుపిల్లల పళ్ళెంలోంచి తీసిన ఆ నీళ్ళలో ఎంజైము లేదన్నమాట.

"అయిపోయిందమ్మా," అన్నాడు డాక్టర్ ఒగ్వెనో. "ఒంటిగంటకు విమానాశ్రయం బండి వెళ్ళిపోతుంది. ఇవాళ మన పురుగుల ఎంజైము అందకపోతే టీకాకు వేరే దేశం పురుగును తీసుకుంటారట."

అడోయో గడియారం చూసింది. పదకొండున్నర. సరస్సు ఒడ్డున కిసుము ఊళ్ళోని ప్రయోగశాలలో పద్దెనిమిదేళ్ళుగా నత్తల్ని పెంచుతున్నది ఆమే. పొద్దున దీపం కింద పెట్టగానే ఆ నత్తల్లోంచి వేల పురుగుపిల్లలు నీళ్ళలోకి వచ్చాయి. సరస్సులో దిగినవాళ్ళ చర్మాన్ని ఎంజైముతో కరిగించి ఒంట్లోకి దూరేవి ఇవే. ఆమె తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నవీ ఇవే. ఆ ఎంజైమును శరీరం ముందుగానే గుర్తుపడితే పురుగును చర్మం దగ్గరే ఆపొచ్చు. టీకా మీద ఆశంతా అదే.

"పళ్ళెం ఎవరు కడిగారు?"

"నేనే. ముఖ్యమైన రోజు కదా అని మూడుసార్లు కడిగి స్పిరిట్‌తో తుడిచాను."

"తర్వాత జిడ్డు రాశావా?"

"జిడ్డేమిటి?"

"మనిషి ఒంటి జిడ్డు తగిలితేనే కదయ్యా అవి ఎంజైము వదిలేది! నేను రోజూ రాస్తాను."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడు అడిగావు?"

ఒగ్వెనో గబగబా దూది అందుకుని నుదుటి దగ్గరకు తీసుకెళ్ళాడు.

"ఆగు నాయనా. నీ క్రీము వాసన నేనే భరించలేకపోతున్నాను, అవేం భరిస్తాయి?"

స్పిరిట్‌లో తడిపిన దూదితో అడోయో తన నుదురూ ముక్కూ గట్టిగా రుద్దుకుంది. దాన్ని కొత్త పళ్ళెంలోకి పిండి ఆరనిచ్చింది. స్పిరిట్ ఎగిరిపోయి, పలచని పొర మిగిలింది. గ్లౌజులు తొడుక్కుని పురుగుపిల్లల్ని అందులో పోసింది.

ఒగ్వెనో సూక్ష్మదర్శినిలోకి తొంగిచూశాడు. అవన్నీ చర్మంలోకి దూరేటప్పటిలాగే గాజుకు అతుక్కుని తోకలు వదిలేస్తున్నాయి.

పన్నెండూ నలభైకి ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టాడు. ఆ నీళ్ళ చుక్క వేసినచోట నలుపు పోయి ఎండ సూటిగా కంట్లో పడింది.

"తినేశాయి! అమ్మా, తినేశాయి!"

"మన సరస్సువి మరి. ఆకలెక్కువ."

ఆ నీళ్ళు పెట్టిన ఐసుపెట్టె మీది చీటీలో 'తయారుచేసినవారు' అన్నచోట అతను తన పేరు రాయబోయి ఆగాడు. అడోయో అని రాశాడు.

బయట బండి హారన్ మోగింది.

"సగం పేరేమిటి? పుట్టింటి ఊరితో కలిపి పూర్తిగా రాయి," అందామె గడ్డం ఎత్తి. "అడోయో, సేమే ఆడపడుచు."

రెండోసారి హారన్ మోగుతుండగా, ఒగ్వెనో ఒక్కో అక్షరమూ స్పష్టంగా రాశాడు.