గార్డుబాబు రైలుబల్ల

పైడిరాజు బల్ల చివరి కాలికి చిత్రిక పడుతుంటే సమూయేలు టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"అది బొమ్మ రైలోయ్ పైడిరాజూ. దీని మీద గూడ్సుబండి ఎక్కిత్తావా ఏటి?"

"ఎక్కించినా పడకూడదు గార్డుబాబూ," అన్నాడు పైడిరాజు, చిత్రిక ఆపకుండానే.

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో, రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న సమూయేలు కూతురు ఏంజలిన్ పేర ఉన్న రైల్వే క్వార్టరది. వెనక గది మూడు గోడల వెంబడీ చుట్టివచ్చే బల్ల అక్కడ లేస్తోంది. సమూయేలు బతుకంతా గూడ్సుబండి చిట్టచివరి పెట్టెలో గార్డుగా కూర్చుని, వెనక్కి జరిగిపోయే పట్టాలు చూస్తూ రిటైరైనవాడు. కలకత్తా వెళ్ళినప్పుడల్లా అరచేతిలో పట్టే బొమ్మ ఇంజన్నో, దానికి తగిలించే పెట్టెనో కొని దాచుకునేవాడు. అవన్నీ అట్టపెట్టెల్లోనే మగ్గుతూ వచ్చాయి. పట్టాలు పరవాలంటే ముందు బల్ల కావాలి, బల్లకు చోటు కావాలి. నిరుడు భార్య దేవమణి పోయింది. ఆమె మంచం తీసేశాక ఈ గదిలో చోటు మిగిలింది. ఆ ఖాళీని చూడలేకే ఆయన బల్ల మాట ఎత్తాడని పైడిరాజు ఎప్పుడో కనిపెట్టాడు. పైకి మాత్రం కర్ర ఏది వాడదామనే అడిగాడు.

పైడిరాజు పొట్టి మనిషి. మెడ కురచ, భుజాలు వెడల్పు. ఎడమ చూపుడువేలి కొస వర్క్‌షాపు రంపానికి పోయింది. గోళ్ళ సందుల్లోకి చేరిన వార్నిషు రిటైరై ఇన్నేళ్ళయినా పూర్తిగా వదల్లేదు. తండ్రి విజయనగరం అవతల పల్లె వదిలి వచ్చి ఖరగ్‌పూర్‌లో రైలుపెట్టెలు బాగుచేసే కారేజీ షాపులో ఖలాసీగా చేరాడు. కొడుకు అదే షాపులో వడ్రంగి అయ్యాడు. బెర్తు పలక పగిలితే పలక, కిటికీ చట్రం ఉబ్బితే చట్రం, తలుపు వాలితే తలుపు. ఎవరో కట్టిన పెట్టెకి తను అతుకు వేయడం, అది ఏ దేశమో తిరిగి ఇంకో చోట పగలగొట్టుకుని రావడం. తర్వాత్తర్వాత ఉక్కు పెట్టెలు వచ్చి కర్రకు పనే లేకుండా పోయింది. చివరి ఏళ్ళలో చేతికి బాడిస కాదు, చీపురిచ్చారు. రిటైరయ్యాక విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీకి ప్యాకింగు పెట్టెలు కొట్టాడు. అవి వెళ్ళిన చోట మొదట చేసే పని వాటిని పగలగొట్టడమే.

మొదటి నుంచి చివరి దాకా తన చేత్తో పుట్టి, పుట్టిన చోటే ఉండిపోయే వస్తువు ఒక్కటి కూడా పైడిరాజు చేయలేదు. తను పడుకునే మంచం సైతం మామగారిచ్చినది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు గానీ, ఈ బల్ల మొదలుపెట్టిన రోజు ఇంటికి వెళ్ళి మామూలు కంటే ఎక్కువ అన్నం తిన్నాడు. భార్య నూకాలమ్మ ఆశ్చర్యపోయింది.

ఆ నూకాలమ్మే ఈ పొద్దున గుమ్మానికి అడ్డం నిలబడింది. వారం నుంచి అతనికి గుండెల్లో బరువు, ఎడమ చెయ్యి లాగడం. డాక్టరు చూసి వెంటనే ఆసుపత్రిలో చేరమన్నాడు. పైడిరాజు గడ్డం పట్టుకుని బతిమాలినంత పనిచేసి రేపటికి ఒప్పించుకున్నాడు.

"ఈ ఒక్కరోజు కూకోలేవా మావా? ఆ బల్ల ఎక్కడికి పోతాది?"

"అది పోదే. నానే పోతే సగంలో ఉండిపోతాది. మరొకడొచ్చి ముగిత్తాడు. అప్పుడిది కూడా నాది కాదు."

"అయ్యేం మాటలు!"

"ఇయ్యాల ముగించేత్తాను. రేపు నువ్వు ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకుంటాను. గార్డుబాబుకి సెప్పకు. ఆ ఏంజలిన్‌కి అసలే సెప్పకు, నర్సమ్మ, పని ఆపేయిత్తాది."

నూకాలమ్మ పక్కకి తప్పుకుంది. అతని మొండితనం ముందు ఆమె ఏనాడు గెలిచింది గనక.

మధ్యాహ్నానికి నిచ్చెన అడ్డంగా పడుకోబెట్టినట్టు చట్రాలన్నీ కుదిరాయి. పైన పలకలు పరిచారు. క్వార్టరు నేల తూము వైపు వాలి ఉండటంతో ప్రతి కాలి కిందా తిప్పితే పైకి లేచే బోల్టు బిగించాడు. రసమట్టం పెట్టి చూశాడు. బుడగ మధ్యలో నిలిచింది. సమూయేలు కూడా వంగి చూసి, తనకేదో తెలిసినట్టు తలూపాడు.

గోల్‌బజార్ నుంచి తెచ్చిన చేపతో ఏంజలిన్ పొద్దునే పులుసు పెట్టి డ్యూటీకి వెళ్ళింది. ఇద్దరూ నేల మీద కూర్చుని తిన్నారు. పైడిరాజు రెండు ముద్దలు కెలికి వదిలేశాడు.

"ఏటయిందోయ్? మొహం పాలిపోయింది."

"గ్యాసు బాబూ. దేవమణమ్మ ఉంటే ఈపాటికి వాము నలిపి సేతిలో పెట్టి, ఈ సప్పుడికి మనిద్దర్నీ తిట్టీది."

సమూయేలు నవ్వబోయి, కంచంలో ముల్లు ఒకటి ఏరి పక్కన పెట్టాడు. గదిలో ఆమె మాట వచ్చి చాలా కాలమైంది. ఎవరో ఒకరు అన్నందుకు ఆయనకు ప్రాణం కాస్త తేలికపడింది.

ఇక మిగిలింది లోపలి మూలలో ఏటవాలు కర్ర ఒక్కటే. అది బల్ల కింద పడుకుని బిగించాలి. పైడిరాజు భుజం మీది తుండుగుడ్డ, ఎర్ర గంఛా, తీసి బల్ల అంచుకి కట్టాడు. అతను ఆలోచించి చేసిన పని కాదది. కారేజీ షాపులో పెట్టె కిందికి దూరే మనిషి ముందు ఎర్రగుడ్డ కడతాడు. అది వేలాడుతున్నంతసేపు ఎవరూ ఆ పెట్టెను ముట్టరు, జరపరు, దాని జోలికి పోరు. కట్టినవాడు బయటికొచ్చి తన చేత్తో విప్పాల్సిందే. అధికారి వచ్చినా సరే, మరొకరు విప్పడానికి లేదు.

గంఛా చూసీ చూడగానే సమూయేలు బల్ల మీంచి చెయ్యి తీసేశాడు. కుర్చీ లాక్కుని గుమ్మం అవతల కూర్చున్నాడు.

పైడిరాజు వెల్లకిలా పాక్కుంటూ మూలకి చేరాడు. ఎన్ని పెట్టెల అడుగుభాగాలు చూశాడో ఇలాగే పడుకుని. ఇక్కడ కంటికి కనిపించే ప్రతి ముక్కా తను కోసిందే, తను నునుపు చేసిందే. అతనికి పట్టరానంత సంతోషం కలిగింది. అంతలోనే నొప్పి వచ్చింది, ఈసారి వీపు దాకా. నోరు తెరిస్తే సమూయేలుకి వినిపిస్తుంది. వినిపిస్తే పని ఆగుతుంది. పళ్ళు బిగించి పానా తిప్పాడు. నట్టు బిగిసింది. దాని మీద రెండో నట్టు ఎక్కించి అదీ బిగించాడు. పానా పొట్ట మీద పెట్టుకుని, కాసేపు చూసుకుని లేద్దామనుకున్నాడు.

చప్పుడు ఆగింది. సమూయేలుకి గుమ్మంలోంచి అతని పాదాలు కనిపిస్తున్నాయి. పాపం, కునుకు తీస్తున్నాడనుకున్నాడు. ఒకసారి పిలుద్దామని నోటి దాకా వచ్చింది గానీ ఎర్రగుడ్డ ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన ఎర్రగుడ్డ దాటలేదు. వీధిలో పిల్లలు ఆటలు మొదలుపెట్టారు, పక్కింటివాళ్ళు దీపం వెలిగించారు. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కాపలా కాశాడు.

ఏంజలిన్ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ అడిగింది.

"పైడిరాజు బాబాయ్ వెళ్ళిపోయాడా నాన్నా?"

"కింద ఉన్నాడమ్మా. గుడ్డ ఉంది సూడు."

ఆమె పాదాల వంక చూసింది. సంచీ అక్కడే జారవిడిచి మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణించే అడిగింది.

"ఎంతసేపటి నుంచి పిలవలేదు నువ్వు?"

సమూయేలు కుర్చీలోంచి లేచి, ఎర్రగుడ్డ దాకా వచ్చి ఆగిపోయాడు. ఆ ప్రశ్న ఆయన్ని ఇక బతికినన్నాళ్ళూ తినేస్తుంది.

నూకాలమ్మ వచ్చింది. భోరుమని ఏడ్చింది. మగడి గుండెల మీద బాదుతూ "మొండోడా, మొండోడా" అంది. ఎవరినీ నిందించలేదు. ఇరుగుపొరుగు నలుగురూ అతన్ని పైకెత్తి తీసుకెళ్తుంటే వెనకబడి, బల్ల పలక మీద అరచెయ్యి వేసి ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరింది.

"ఇది అయిపోయినాదా బాబూ?"

"అయిపోయినాదమ్మా," అన్నాడు సమూయేలు. "మరొకడు ముట్టక్కర్నేదు."

ఆమె తలూపి వెళ్ళిపోయింది.

కర్మకాండలు ముగిశాక ఒక ఉదయం ఏంజలిన్ గది ఊడ్చింది. అట్టపెట్టెలు తెచ్చి గోడవారగా సర్దింది. తండ్రికి కాస్త మనసు మళ్ళుతుందని ఆశ. బల్ల అంచున ముడి విప్పబోయింది.

"వద్దమ్మా," అన్నాడు సమూయేలు వెనక నుంచి. "కట్టినోడే విప్పాల."

"ఆయన రాడు గదా నాన్నా."

"రాడు."

ఏంజలిన్ ముడి మీంచి చెయ్యి తీసేసింది. అట్టపెట్టెలు మళ్ళీ సమూయేలు మంచం కిందికి వెళ్ళాయి, గది తలుపు దగ్గరగా వేశారు. లోపల, నున్నటి బల్ల అంచున ఎర్ర గంఛా వేలాడుతూనే ఉంది. ముడి మడతలో కొంచెం రంపపు పొట్టు అంటుకుని ఉంది.