చేతులు చెప్పిన నిజం

జింబాబ్వే నుంచి దక్షిణాఫ్రికాలోని డర్బన్ యూనివర్సిటీకి వచ్చిన మొదటి వారంలోనే రువారాషె తన పేరు సగానికి తెగ్గోసుకుని 'రూ' అయిపోయింది. ఊరు కూడా మార్చేసింది. హాస్టల్లో స్నానాల గది ముందు వరుసలో ఎవరో, "ఈ జింబాబ్వే వాళ్ళు ఎక్కడ చూసినా పుట్టలు పుట్టలుగా ఉన్నారే!" అని నవ్వితే, తనూ నవ్వి, తనది ఈ దేశంలోనే ఉత్తరాదిన ఉండే వెండా జాతి అని చెప్పేసింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వెండా భాష తెలిసినవాళ్ళు హాస్టల్లో లేరు గనక అతికింది. అతికినందుకు ఫలితం, అమ్మతో ఫోన్లో తమ షోనా భాషలో మాట్లాడాలన్నా, ఎవరి చెవినా పడకుండా బస్టాపు దాకా నడిచిపోవడం.

ఇంతకాలంలో దొరికిన నేస్తం లిండెల్వ ఒక్కతే. నిజం తెలిసి అది కూడా మొహం తిప్పుకుంటే, భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చునే దిక్కుండదు. రూకి అదే భయం.

ఒక ఆదివారం లిండెల్వ ఆమెని ఊరి పక్కనే ఉన్న ఉమ్లాజీలోని తన ఇంటికి భోజనానికి లాక్కెళ్ళింది. లిండెల్వ మేనమామ భార్య, నవ్వుమొహం మనిషి, మొక్కజొన్న సంకటీ మాంసం పులుసూ పెట్టిన పళ్ళెం తెచ్చి అందించింది. అచ్చం ఇంటి వంటలాంటి ఆ వాసనకి రూ ఒళ్ళు మరిచిపోయింది. మోకాళ్ళు కాస్త వంచి, అరచేతులు దొప్పలు చేసి, మెల్లగా చప్పట్లు కొట్టి, అప్పుడు పళ్ళెం అందుకుంది. వాళ్ళ దేశంలో పెట్టిన చేతికి పెట్టే దణ్ణం అది. నోటికి అబద్ధం నేర్పింది గానీ చేతులకి నేర్పడం మరిచింది పిచ్చిది.

ఆవిడ అక్కడే ఆగిపోయింది.

"ఓసి నా తల్లీ, మా దేశం పిల్లవా!" అంది షోనా భాషలో. "ఎవరి వంశమే? మాది దుప్పి వంశం. నేను చిహేరాని."

రూది కూడా దుప్పి వంశమే. ఆ వంశపు ఆడపడుచులని, అంటే ఇంటి దగ్గర మేనత్తలందరినీ, చిహేరా అనే పిలుస్తారు. ఆ లెక్కన ఈవిడ తనకి మేనత్త. "అత్తా" అన్న మాట గొంతు దాకా వచ్చింది.

లిండెల్వ తలెత్తింది. "ఏమంటోందే మా అత్త?"

"ఏమో, నాకేం అర్థం కాలేదు," అంది రూ, లిండెల్వ వాళ్ళ జూలూ భాషలో. "మా పక్కింటివాళ్ళు ఇలా చప్పట్లు కొట్టేవాళ్ళు. చూసి అలవాటైంది, అంతే."

ఆవిడ మొహం చిన్నబోయింది. "పొరబడ్డానమ్మా, ఏమనుకోకు," అని తనూ జూలూలోనే చెప్పి, ఇంకో ముక్క వడ్డించి లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో లిండెల్వ నవ్వింది. "మా అత్తది జింబాబ్వేలే. నిన్ను వాళ్ళ పిల్లనుకుంది. మా ఇంట్లో ఆవిడంటే అందరికీ ప్రాణం. అమ్మమ్మయితే సొంత కూతుళ్ళు వండినా ముట్టదు, ఆవిడే వండాలి. నువ్వే గనక నిజంగా అక్కడిదానివైతే నిన్ను మళ్ళీ హాస్టల్‌కి రానిచ్చేదేంటే? తన భాషలో మాట్లాడే మనిషి లేక అల్లాడిపోతోంది."

రూ లిండెల్వ వైపు తిరిగింది. ఇప్పుడైనా చెప్పేద్దామనుకుంది. కానీ చెబితే, ఎదురుగా నిలబడి చెయ్యి చాచిన మేనత్తని కాదన్న సంగతి కూడా ఒప్పుకోవాలి.

"పాపం," అంది రూ. "ఎంత ఒంటరిగా ఉందో."