మసేనుకు నేనిచ్చిన గొంతు

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. సముద్రం అవతల ఏదో దేశంలో, ముక్కుకి నోటికి గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు వరసగా కూర్చున్న బల్లల మీద పుట్టాను. ఒకతె తెర బిగించింది, ఒకతె మీటలు అమర్చింది, ఆఖరున ఎవరో ఒకసారి వెలిగించి చూసి అట్టపెట్టెలో మూసేశారు. నాకు కన్నతల్లులు చాలామంది. వాళ్ళలో ఒక్కరి ముఖమూ నాకు గుర్తులేదు.

మొదట హైదరాబాదులో ఒక పెద్ద ఆఫీసుకి చేరాను. చల్లటి గది, మెత్తటి వేళ్ళు. అక్కడి మనుషులకు మా జబ్బులన్నింటికీ ఒకటే వైద్యం తెలుసు: ఆపి, మళ్ళీ ఆన్ చెయ్యడం. చాలాసార్లు అది పనిచేసేది కూడా. కొన్నేళ్ళకు ఆఫీసు వాళ్ళు కొత్తవాటిని తెచ్చుకుని, మమ్మల్ని గుట్టగా పోసి అమ్మేశారు. విశాఖపట్నంలో పాత కంప్యూటర్లు అమ్మే కొట్లో నన్ను తుడిచి, గీతలు కనపడకుండా పైన నల్లటి స్టిక్కరు అంటించి, అద్దాల వెనక నిలబెట్టారు. అక్కడినుంచి పైడితల్లి నన్ను కొనుక్కుని జాలరిపేటకు తీసుకెళ్ళింది. ఆ పిల్ల సెల్‌ఫోన్ల షాపులో పనిచేసేది. నన్ను కొన్నది తనకోసం కాదు, వాళ్ళ నాన్న కోసం.

ఆయన గరికిన మసేను. చేపలరేవులో వేలంపాట పాడేవాడు. బోటు ఒడ్డుకు తగిలి బుట్టలు దిగగానే, ఆయన గొంతు రేవంతా మోగేదట. ధర పెంచుతూ, మధ్యలో వేళాకోళమాడుతూ, బేరగాళ్ళను ఊపిరి తిప్పుకోనిచ్చేవాడు కాదట. ఆ గొంతు నేను వినలేదు. నేను వెళ్ళేసరికే డాక్టర్లు కేన్సరని చెప్పి, గొంతులో మాట పుట్టించే పెట్టెను తీసేశారు. మెడ కింద చిన్న కన్నం మిగిలింది. మసేను దాంట్లోంచి ఊపిరి పీల్చుకునేవాడు. మాట లేదు.

ఆయనకు చదవడం, రాయడం వచ్చు. ఆయన భార్య ఎల్లాయమ్మకు రాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆయన కాగితం మీద ఏం రాసినా ఆమెకు అవి గీతలే. కూతురు షాపుకి వెళ్ళిందంటే, పొద్దుగూకేదాకా ఆ ఇంట్లో భార్యాభర్తల మధ్య సైగలే. సైగ అర్థం కాక ఆమె తప్పు వస్తువు తెచ్చేది, ఆయన దాన్ని విసిరికొట్టేవాడు. సెల్‌ఫోన్లో కొట్టమంటే, తాళ్ళు లాగి మొద్దుబారిన ఆ వేళ్ళకు ఒక అక్షరం కొడితే మూడు పడేవి. అందుకే వెడల్పు మీటలున్న నేను వచ్చాను. కొట్టిన అక్షరాలను పైకి చదివే ఏర్పాటు పైడితల్లి నాలో పెట్టింది.

మొదటిరోజు మసేను చాలాసేపు వెతికి వెతికి కొట్టాడు. నేను చదివాను: “ఎల్లాయమ్మా, టీ పెట్టు.”

ఎల్లాయమ్మ ఉలిక్కిపడి వంటింట్లోంచి వచ్చింది. “ఓలమ్మో! ఇదెవుర్తే?”

“నాన్నేనమ్మా. మిషనులో తెలుగు గొంతు ఇదొక్కటే దొరికింది నాకు,” అంది పైడితల్లి.

“ఆడగొంతే! మీ నాన్నకి ఆడగొంతా?”

మసేను భుజాలు కదిలాయి. శబ్దం లేకుండా నవ్వుతున్నాడు. ఎల్లాయమ్మ మాత్రం నవ్వలేదు. టీ పెట్టి తెచ్చి, గ్లాసు నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

ఒకసారి నన్ను రేవుకి కూడా తీసుకెళ్ళాడు. బుట్టల మధ్య పీట మీద పెట్టి, ధర కొట్టి, నాచేత పలికించాడు. నేను పలికేలోగా బేరగాళ్ళు రెండు బుట్టలు దాటిపోయారు. ఎవడో అన్నాడు: “మసేనన్నా, నీ ఆడమనిసిని ఇంటికాడ మాటాడించుకో. ఈలోగా సేపలు కుళ్ళిపోతాయి.” చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాళ్ళలో ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. మసేను నా మూత మూసేశాడు. మళ్ళీ రేవు ముఖం చూడలేదు.

ఆ కోపమంతా ఇంట్లో దిగింది. ‘ఉప్పు పోసి సంపుతున్నావు’ అని మీటలు విరిగేలా కొట్టేవాడు. నేనేమో రైలు ఎన్నో నంబరు ప్లాట్‌ఫారానికి వస్తుందో చెప్పినంత నిదానంగా చెప్పేదాన్ని. ఎల్లాయమ్మ ఆయన్ని వదిలేసి నావైపు తిరిగి, “నీకేటి తెలుసే కూర రుసి? నోరుందని పేలకు!” అని తిట్టేది. అయినా, నెమ్మదిగా ఏదో మారింది. అక్షరం అక్షరం వెతుక్కుని కొట్టేవాడికి ప్రతి మాటా తిట్టుగా ఖర్చుపెట్టడం కష్టం. ఒక మధ్యాహ్నం, ఎండుచేపల బుట్ట దించుకుని ఆమె కూలబడితే, నాచేత అడిగించాడు: “కాళ్ళు నొప్పా?”

ఎల్లాయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “గొంతున్నన్నాళ్ళూ ఈ ముక్క అడగనేదు నువ్వు,” అని, అక్కడే కూర్చుని ఆ రోజు ఒడ్డున జరిగిందంతా చెప్పింది. అప్పట్నుంచి రోజూ చెప్పేది. నాతో పోట్లాట మానేసింది.

సముద్రపు గాలి నన్ను తినేసింది. మూత బిగించిన ఇనుము తుప్పు పట్టింది, ఫ్యానులో ఇసుక చేరి బొంగురుగా మూలిగేది. పైడితల్లి బ్రష్షుతో దులిపేది, అరిగిన మీటలు మార్చేది. తరవాత బ్యాటరీ ఉబ్బి, నా పొట్ట పైకి లేచింది. రిపేరు చేసే ఆయన దాన్ని ఊడదీశాడు. “ఇది పేలితే ఇల్లు కాలిపోతాదమ్మా. ఇక ప్లగ్గులో పెట్టే వాడుకోండి. వైరు ఊడిందంటే మాత్రం అక్కడికక్కడే ఆగిపోద్ది,” అన్నాడు. ఈ రకానికి మంచి బ్యాటరీలు రావడం ఆగిపోయిందట. ఇక నా ప్రాణం, మసేను మాట, గోడకున్న ఆ ప్లగ్గులోనే.

వానాకాలం వెళ్ళేసరికి మసేను మెడ పక్కన మళ్ళీ గడ్డ లేచింది. మళ్ళీ కొయ్యాలన్నారు డాక్టర్లు. కోస్తే నిలవొచ్చు, నిలవకపోవచ్చు అన్నారు.

“నన్ను మళ్ళీ కొయ్యనియ్యకు,” అని నాచేత చెప్పించాడు. రోజూ చెప్పించేవాడు. ఎల్లాయమ్మ విననట్టు గిన్నెలు తోముకునేది. పైడితల్లి ఎవరివైపూ మాట్లాడలేక, షాపునుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది.

ఆస్పత్రికి బయలుదేరే ఉదయం, ఆటో వీధి చివర ఆగింది. ఎల్లాయమ్మ సంచి సర్దుకుని నిలబడింది. మసేను నా ముందు కూర్చుని కొట్టాడు.

“నాను రాను.”

“లెగు మావా, ఆటో ఆగుంది.”

“నాను రాను.” చదివించే మీటే మళ్ళీ నొక్కాడు. “నాను రాను. నాను రాను.”

“ఆపే! నీకు దణ్ణం పెడతాను, ఆపే!” ఎల్లాయమ్మ నావైపు చూసి అరిచింది.

మసేను మీట మీంచి వేలు తీశాడు. ఆమె ముఖం చూశాడు. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు. ఈసారి పొడుగైన మాట. వేళ్ళు తడబడుతున్నాయి, చెరిపి మళ్ళీ కొడుతున్నాడు. మాట పూర్తయింది, చదివించే మీట ఇంకా నొక్కలేదు. ఎల్లాయమ్మ వంగి గోడలోంచి వైరు లాగేసింది.

నేను ఆరిపోయాను.

తరవాత జరిగింది, రిపేరు చేసే ఆయనతో పైడితల్లి చెబుతుంటే విన్నాను. నన్ను ఇంట్లోనే వదిలి, ఆయన్ని ఆటో ఎక్కించారట. ఆపరేషను అయింది. మసేను కోలుకోలేదు. ముక్కులో గొట్టంతో వార్డులో పడుకుని, దుప్పటి మీద వేళ్ళు ఆడిస్తూ ఉండేవాడట. చలికి వణుకుతున్నాడనుకుని, ఎల్లాయమ్మ ఆ చేతుల్ని దుప్పటి కిందికి పెట్టి కప్పింది. ఆయన మళ్ళీ బయటికి తీసేవాడు. ఆమె మళ్ళీ కప్పేది. మీటలు కొడుతున్నాడని పైడితల్లికి అర్థమైంది, ఆయన పోయాక.

కర్మలు అయ్యాక తల్లీకూతుళ్ళు నన్ను వెలిగించారు. “ఆయాల ఏటి కొట్టాడో సదువే,” అంది ఎల్లాయమ్మ.

తెర మీద ఏమీ లేదు. దాచమని చెప్పనిదేదీ కరెంటు పోయాక నాలో నిలవదు. రిపేరు చేసే ఆయన కూడా వెతికి, తలూపి, నన్ను తిరిగి ఇచ్చేశాడు. ఎల్లాయమ్మ ఏడవలేదు. “సరే” అంది.

పరామర్శకు వచ్చిన చుట్టాలతో మాత్రం ఆమె చెప్పడం మొదలుపెట్టింది: “ముందల రానన్నాడు. ఆకర్న వత్తానన్నాడు. మిషన్లో కొట్టాడు, నాను ఇన్నాను.” ఎందరు వస్తే అందరికీ చెప్పింది. పైడితల్లి తల వంచుకుని అందరికీ మంచినీళ్ళు ఇచ్చేది. ఒక్కసారి కూడా కాదనలేదు.

కొన్నాళ్ళకు ఉప్పు నా లోపలి బోర్డును పూర్తిగా తినేసింది. నన్ను పాతసామాన్లు కొనేవాడికి ఇచ్చేస్తూ, ఎల్లాయమ్మ గుమ్మంలో నిలబడి వాడికీ చెప్పింది: “మా ఇంటాయన మాటాడిన మిషనిది. ఆస్పత్రికి వత్తానని దీంట్లోనే సెప్పాడు.” వాడు “అలాగామ్మా” అని నన్ను కాటాలో పెట్టాడు.

ఇప్పుడు తెరలు ఒకచోట, మీటలు ఒకచోట కుప్పపోసిన షెడ్డులో పడి ఉన్నాను. రాగి కోసం రేపోమాపో నన్ను కోస్తారు. మసేను ఆ పొద్దున్న ఏం కొట్టాడో నాకూ తెలియదు. వస్తానన్నాడేమో, శపించాడేమో, కాళ్ళు నొప్పా అని అడిగాడేమో. ఎవరో మీట నొక్కితే తప్ప ఒక్క మాటా అనలేని పుట్టుక నాది. ఆ గుమ్మంలో నా అంతట నేను ఒక్కటంటే ఒక్క మాట అనగలిగి ఉంటే, ఎల్లాయమ్మ చెప్పింది నిజమే అని ఉండేదాన్ని.