మెడ మీద వాపు

పశువుల డాక్టరు పన్నెండో మేక మెడ మీద గొరిగిన చోట చర్మాన్ని పట్టి, మందం కొలిచి, పెదవి విరిచాడు. మూడు రోజుల కిందట అక్కడే క్షయ పరీక్ష సూది వేసి వెళ్లాడు. ఇప్పుడు అన్నింటికీ వాపే.

"అన్నీ రోగిష్టివే అమ్మా. రేపు బండి పంపిస్తాను, మేకలన్నింటినీ ఎక్కించేయండి. చంపక తప్పదు."

మేకలామెకి ఒళ్లు మండిపోయింది. పదేళ్ల చాకిరీని ఒక్క మాటతో ఊడ్చేస్తాడా! వెళ్లి దొడ్డి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"మీవాళ్లే వచ్చి వీటికి క్షయ టీకా వేశారు. టీకా పడితే ఈ సూదికి వాపు రాదా?"

"రావచ్చు. టీకా వాపో, రోగం వాపో చర్మం చెప్పదు కదా."

"చెప్పలేనిదాని మాట పట్టుకుని మందని చంపుతారా? తేడా చెప్పే రక్త పరీక్ష ఉందట, టీకా వేసినాయనే అన్నాడు. అది చేయండి."

"వారం పడుతుంది. పైవాళ్లు ఒప్పుకోవాలి."

"ఒప్పించండి. అంతదాకా పాలచుక్క బయటికి పోదు. బండే వస్తే ముందు నన్నెక్కించుకోండి!"

డాక్టరు నిట్టూర్చి, ఫోను తీసి పక్కకి వెళ్లాడు. వెంటనే మొగుడు దగ్గరికొచ్చాడు.

"మతి పోయిందా? దొరసాని సంగతి మరిచావా?"

మరిస్తే కదా! మందకి ముందు నడిచే ముసలి మేక దొరసాని. సూదికి తట్టుకోలేదని టీకా రోజున దాన్ని వెనకగదిలో దాచింది తనే. టీకా పడనిదానికీ వాపు వచ్చిందంటే అది రోగం వాపే.

"దాన్ని వెనకనుంచి తోలేయనా?" అన్నాడు మొగుడు గుసగుసగా.

"ఒకసారి దాచిన నిర్వాకం చాలదూ?"

పైవాళ్లు ఒప్పుకున్నారు. రక్తం తీయడానికి ఆమె దొరసానినే అన్నిటికన్నా మొదట నిలబెట్టింది. "దీనికి టీకా లేదు, నేనే దాచాను. రాసుకోండి."

వారమంతా పాలు గోతిలో పోసింది. పొరుగువాళ్లు నవ్వితే, నవ్వుకోండి పొమ్మంది.

ఎనిమిదో రోజు డాక్టరు కాగితంతో వచ్చాడు, వెనకే బండీ వచ్చింది.

"పదకొండూ శుభ్రంగా ఉన్నాయమ్మా. మీరన్నదే నిజం. ఆ ఒక్కటీ..."

ఆమె అప్పటికే దొరసాని పలుపు విప్పుతోంది. మొగుడు చెయ్యి చాపినా ఇవ్వలేదు. తనే బండిదాకా నడిపించి, ఎక్కించి, కళ్లు తుడుచుకుంది.

"దీన్ని నా చేతులారా పోగొట్టుకున్నాను. మిగతావాటిని ఎవరికీ ఇవ్వను. టీకా తెస్తే తలుపు తీస్తా డాక్టరుగారూ. బండి తేవాలంటే మాత్రం ముందు రక్తం కాగితం తెండి."