గోడ పక్కన రాయి

ముప్పై నాలుగేళ్లు తెలుగు పంతులుగా పనిచేశాను. పిల్లలకు ఇష్టంగా చెప్పిన పాఠం ఒక్కటే: సంక్షిప్త రచన. పేజీన్నర కథ ఇచ్చి మూడో వంతుకు తెమ్మనేవాడిని. ఒక్క మాట ఎక్కువ రాసినా ఎర్ర సిరా పడేది. 'అనిల్ సారు ముందట మాట జారితే బెత్తం తప్పదు' అని సుల్తానాబాద్ చుట్టుపక్కల ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆ మాట వింటే నాకు లోలోపల గర్వంగానే ఉండేది. అబద్ధమెందుకు?

మా ఊరి పక్క నుంచి పెద్ద రోడ్డు పడుతోంది. మా మెథడిస్టు సంఘం సమాధుల తోటలో అరెకరం అందులో పోతుంది. సమాధులకు జాబితా తయారైందనీ, జాబితాలో నంబరు చూసి 'ఇది మాది' అని రాసిస్తే వాటిని కొత్త జాగకు మారుస్తామనీ కరీంనగర్‌లోని రోడ్డు ఆఫీసువాళ్లు చెప్పారు. ఆ జాబితా మాత్రం చూపించలేదు. సమాచార హక్కు కింద అడిగి తీసుకోండి అన్నారు. సంఘం తరఫున దరఖాస్తు రాసే పని నా మీద పడింది.

ఆదివారం ఆరాధన అయ్యాక లచ్చవ్వ మా ఇంటికి వచ్చింది. కూలి పని చేసి బతికే మనిషి. భర్త మోషే పోయి తొమ్మిదేళ్లయింది.

"సారూ, మోషే సమాధికి నాకు ఫికర్ లేదు. దానికి పేరున్నది, శిలువున్నది. నా బిడ్డ సంగతి రాయున్రి."

మా సంఘంలో బాప్తిస్మం కాకముందే పోయిన పసిబిడ్డలకు శిలువ పెట్టరు, పేరు చెక్కరు. దక్షిణపు గోడ పొంటి పూడ్చి, తలాపున ఒక రాయి పెడతారు. ఏటా సమాధుల పండుగకు అందరూ సమాధులు కడిగి పూలు పెడుతుంటే, లచ్చవ్వ ఆ గోడ దగ్గర కూర్చుని తన రాయికి సున్నం వేసేది. అది ఎన్నోసార్లు చూశాను.

"నలభై రెండేండ్ల కిందటి ముచ్చట సారూ. రెండొద్దులు బతికింది. పాలు సుత తాగలే. గోడ మూల నుంచి నాలుగో రాయి. గా రాయి కూడా లెక్కల ఉన్నదా అని అడుగున్రి. లేకుంటే నా చేతులతోని నేనే తవ్వి తీసుకపోత."

ఆమె చెబుతుంటే రాశాను. సంఘంలో మిగతావాళ్ల సంగతులు కూడా చేర్చాను. సంతకం నాది. రిజిస్టర్ పోస్టులో పంపాను.

పన్నెండో రోజు దరఖాస్తు తిరిగొచ్చింది. పైన ఒక్కటే వాక్యం: 'దరఖాస్తు ఐదు వందల పదాలకు మించరాదు.' ఎవరో ఓపికగా లెక్కపెట్టి, చివర ఎనిమిది వందల డెబ్బై అని వేశారు. చచ్చినవాళ్ల గురించి అడిగితే మాటలు లెక్కపెట్టారా అని ఒళ్లు మండింది. వెంటనే ఇంకో సంగతి కూడా తోచింది: ఇది నా విద్యే కదా!

ఎర్ర పెన్ను తీశాను. ఎవరు ఎప్పుడు పోయారో తీసేశాను. చుట్టరికాలు తీసేశాను. లచ్చవ్వ ముచ్చట మొత్తం కొట్టేసి, 'తోటలోని సమాధుల జాబితా పేర్లతో సహా ఇవ్వగలరు' అని రాశాను. మూడు వందల పన్నెండు మాటలకు వచ్చింది. చూసి మురిసిపోయాను.

నా భార్య హెప్సిబా చదివి, కళ్లద్దాలు తీసింది. "లచ్చవ్వ బిడ్డ ముచ్చట ఏది? తీసేసిండ్రా?"

"జాబితా అంటే అన్నీ వస్తయి. నీకు తెల్వదు, ఊకో."

ఆమె కాగితం నా చేతికి తిరిగిచ్చింది.

నెల తర్వాత పద్నాలుగో తారీఖున జవాబు వచ్చింది. లచ్చవ్వను పిలిపించి, ఆమె ముందే విప్పాను. అరవై మూడు పేర్లు, వాటి ఎదుట నంబర్లు. మోషే పేరుంది. వెనక్కి తిప్పితే కింద మూడు వరుసలు: 'తమరు పేర్లు గల సమాధుల జాబితా మాత్రమే కోరారు. పేరు లేని గుర్తులు ఇరవై ఒకటి. వాటి జాబితా వేరుగా ఉన్నది. తమ దరఖాస్తులో వాటి ప్రస్తావన లేనందున క్లెయిముగా తీసుకోలేదు; గడువు ఈ నెల పదితో ముగిసినది.'

పది పోయి నాలుగు రోజులు. లచ్చవ్వకు ఎట్లా చెప్పానో గుర్తులేదు. ఆమె లేచి చెప్పులేసుకుంది. నేనూ హెప్సిబా వెనకే పరుగెత్తాం.

తోటలో పేరున్న సమాధుల మీద ఎర్ర రంగు నంబర్లు వేసి ఉన్నాయి. దక్షిణపు గోడ లేదు. గోడ పొంటి రాళ్లు లేవు. ఆ చివర నుంచి ఈ చివర దాకా మొరం మట్టి పోసి, రోలరు తొక్కించి, చదును చేశారు. లచ్చవ్వ గోడ మూల ఉండే చోటు అనుకుని ఒక దగ్గర నిలబడింది. అడుగులు లెక్కపెట్టింది. మళ్లీ వెనక్కి వచ్చి లెక్కపెట్టింది. రెండుసార్లూ వేర్వేరు చోట ఆగింది.

హెప్సిబా పక్కకు తిరిగి ఫోనులో ఏదో వెతికి, నా ముఖం మీదికి చాపింది. "నియమం ఇగో. చదువున్రి." చదివాను. ఐదు వందల పదాలు సాధారణంగా మించరాదు. జత చేసిన కాగితాలు లెక్కలోకి రావు. పదాలు ఎక్కువయ్యాయన్న ఒక్క కారణంతో దరఖాస్తును తిరస్కరించరాదు. ఆఫీసువాళ్లు నాకు మొదటి వాక్యం మాత్రమే పంపారు. రెండోది, మూడోది వెతుక్కోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. కత్తిరించే సంబరంలో ఉన్నాను.

లచ్చవ్వ మొరం మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా, తిట్టినా నాకు బాగుండేది.

"సారూ, నా బిడ్డ ముచ్చట ఎన్ని మాటలుండె?"

"ఇరవై మూడు," అన్నాను. కొట్టేసేటప్పుడు లెక్కపెట్టుకున్నాను మరి.

"రెండోసారి ఎన్ని రాసిండ్రు?"

"మూడు వందల పన్నెండు."

ఆమె వేళ్ల మీద లెక్క వేయబోయి వదిలేసింది. "వాళ్లు ఐదు వందలు రాయమన్నరు గదా. ఇంకా ఎన్ని రాయచ్చు?"

చెప్పకుండా ఉండే హక్కు నాకు లేదు.

"నూట ఎనభై ఎనిమిది."

లచ్చవ్వ అరచేత్తో మొరాన్ని పక్కకు తోస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"గన్ని మిగిలినంక, దాన్నెందుకు తీసిండ్రు సారూ?"