ఒకటో తారీఖు డేలియాలు

బియ్యం కడిగిన నీళ్ళు బకెట్లో పోసుకుని డాబా ఎక్కాను. మా జహనుమా బస్తీ ఇళ్ళ మీద పొగమంచు పలచగా ఉంది. ఏడు కుండీల్లోనూ డేలియాలు మొగ్గ తొడిగాయి. ఇంకో పదిహేను రోజులకు విచ్చుకుంటాయి. అంటే సరిగ్గా జనవరి ఒకటికి. అది గుర్తొచ్చి బకెట్ కింద పెట్టేశాను.

నేను చలి కొండల మీది కూనూరులో పెరిగాను. నాన్న అక్కడ మిలిటరీ డ్రైవరు. మా క్వార్టర్ ముందు అమ్మ వేసిన డేలియాలు పళ్ళెమంత పూసేవి. వాటితో ఎవరికీ ఏ పనీ ఉండేది కాదు. పూసేవి, వాడేవి, రాలేవి. పెళ్ళై వచ్చేటప్పుడు నాలుగు దుంపలు పాత చీర ముక్కలో చుట్టి తెచ్చుకున్నాను. ఈ ఊళ్ళో చలి రెండు నెలల చుట్టం. ఎండాకాలమంతా దుంపల్ని మంచినీళ్ళ రంజన్ కుండ పక్కన, నీడలో, పొడి ఇసుకలో దాచి బతికించుకోవాలి. "కన్నపిల్లలకు గూడ గింత జెయ్యరు. వాసన లేదు, ఏం లేదు" అంటుంది మా అత్తమ్మ సక్కుబాయి.

పెళ్ళైన ఏడాదే నా భర్త జోయెల్ వాటికో పని కనిపెట్టాడు. కొత్త సంవత్సరం పొద్దున ఆఫీసు వాళ్ళంతా తమ పై అధికారి ఆనందరావు సారు ఇంటికి బొకేలు, యాపిల్ పండ్లు పట్టుకుపోతారు. "బజార్ల కొనుడెందుకు? ఇంట్లనే మస్తున్నయ్ గద" అని కత్తెర తెచ్చాడు. మిగిలినవి చర్చికి, ఎవరి పుట్టినరోజుకో. నిజం చెప్పాలంటే మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. స్కూటర్ తిరిగొచ్చే చప్పుడుకి గుమ్మంలోకి పరుగెత్తి "సారేమన్నరు?" అని అడిగేదాన్ని. ఆ మెప్పులో నా దాకా వచ్చేది ఎంత కొంచెమైనా, దాన్నే మళ్ళీ చలికాలం దాకా దాచుకునేదాన్ని. అలా గుమ్మంలో నిలబడ్డ మనిషిని తలుచుకుంటే ఇప్పుడు జాలేస్తుంది. కోపం తెచ్చుకోవడానికి ఓపిక లేదు.

పోయిన నెల ఒక పెళ్ళి భోజనాల్లో ఆనందరావు గారి భార్య నా పక్కనే కూర్చుంది. "జోయెల్ గారికి పూలంటే ఎంత ప్రాణమండీ! ఆఫీసు నుంచి రాగానే డాబా మీదే ఉంటారటగా. మీరు కూడా ఏమైనా సాయం చేస్తుంటారా?"

నాకు ఇటు పక్కన జోయెల్ విస్తరిలోకి చూస్తున్నాడు. జవాబు నా నోట్లోంచే వచ్చింది.

"నీళ్ళు పోస్తానండీ."

తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద, అతని వీపు చూస్తూ కూర్చుంటే తట్టింది. ఈ పదకొండేళ్ళలో నా డేలియా ఒక్కటైనా చెట్టు మీద వాడిపోవడం నేను చూడలేదు.

మొగ్గ గిల్లితే కింది కణుపుల్లోంచి కొత్త కొమ్మలొస్తాయి, పూత నెల రోజులు వెనక్కి పోతుంది. అమ్మ నేర్పిందే. బకెట్ పక్కనే వంగి మొదటి మొగ్గ గిల్లాను. ఏడో కుండీ అయ్యేదాకా ఆగలేదు. శనగల్లాంటి మొగ్గలు కొంగులో పోసుకుని కిందికి దిగి, పప్పు పొయ్యి మీద పెట్టాను.

ఒకటో తారీఖు పొద్దున జోయెల్ కత్తెర పట్టుకుని డాబా మీంచి అరిచాడు.

"ఏందే గిది? ఒక్క పువ్వు లేదు!"

"మొగ్గలు గిల్లిన."

"ఎందుకు? పిచ్చి లేసిందా నీకు? సార్‌కు ఏం వట్కపోవాలె నేను?"

"యాపిల్ పండ్లు కొనుక్కపో."

"పొద్దుగాల్నే ఏం లొల్లిరా?" కింది నుంచి అత్తమ్మ.

అతను కత్తెర మెట్ల మీద పడేసి, స్కూటర్ తీసుకుని వెళ్ళిపోయాడు. స్కూటర్ తిరిగొచ్చినప్పుడు నేను అంట్లు తోముతున్నాను. లేవలేదు.

జనవరి చివర్లో పూశాయి, ఎర్రగా, పళ్ళెమంత. ఒకటో తారీఖు దాటిపోయింది, కత్తెరకి ఇప్పుడు పనేమీ లేదు. ఒకరోజు సాయంత్రం అత్తమ్మ రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. పూల వైపు గడ్డం ఎత్తింది.

"గివి ఎవలకే?"

"ఎవలకు గాదు అత్తమ్మా. ఊకెనే."

"వాడిపోతయ్ గద పిల్లా."

"అవు. గదే చూద్దామని."